మా బాపు ఫ్లెక్సీ భోజనం

ఆ రోజుల్లో ముక్కుకు మాస్కున్న ప్రతివాళ్లూ వైద్యులే. కోడి తింటే కరోనా వస్తుందని ఒకరు, తినకపోతేనే వస్తుందని ఇంకొకరు. రెండు మాటలూ ఒకే ఫోన్లో, ఒకే పూట. బతుకుదెరువుకు మావాళ్లు వలస వచ్చిన సూరత్‌లో, భేస్తాన్ పేటలోని మా రెండు గదుల ఇంట్లో ఆ వైద్యమండలికి అధ్యక్షురాలిని నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చీరల మార్కెట్లో ఒక దుకాణానికి ఫోన్లో ఆర్డర్లు రాసుకునే కొలువు. ఇంటి నుంచే చేయమన్నారు కాబట్టి మిగిలిన తెలివంతా ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించే వీలు దొరికింది. (వాళ్లు దాన్ని వీలు అనలేదు, పీడ అన్నారు.)

లాక్‌డౌన్‌లో సాంచలు (మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు) ఆగిపోయిన నెలల్లో మా బాపు చేసిన పనులు రెండు: పడుకోవడం, లేచి ముక్క తినడం. సాంచలు మళ్లీ మొదలైన వారానికే, నడుస్తున్న సాంచ పక్కన కళ్లు తిరిగి కూలబడ్డాడు. మిషను వైపు కాకుండా గోడ వైపు పడ్డాడు కాబట్టే ఇవాళ ఈ సంగతి నవ్వుతూ రాయగలుగుతున్నాను. కార్ఖానా సేఠ్ భయపడిపోయి, డాక్టరు సరేనన్నాకే పనిలోకి రమ్మని ఇంటికి పంపేశాడు. ఇరవై ఏళ్లు సాంచల మోత మధ్య అరిచి మాట్లాడిన మనిషి, మా ఇంటి గడప మీద మాటాపలుకూ లేకుండా కూర్చుండిపోయాడు.

వీధి చివరి డాక్టరు ప్లాస్టిక్ తెర వెనక నుంచి, రెండు మాస్కుల లోపలి నుంచి అరిచాడు: "షుగర్ కినారే పే హై! ఖూన్ మే చర్బీ హై! గోష్త్ బంద్ నహీ, కమ్ కరో! దాల్, హరీ సబ్జీ, జువార్ కీ రోటీ జ్యాదా!" షుగర్ అంచు మీద ఉంది, రక్తంలో కొవ్వు ఉంది కాబట్టి వారంలో ఎక్కువ రోజులు పప్పులు, ఆకుకూరలు, జొన్నరొట్టె, ఎప్పుడైనా ఒకసారి, కొంచెంగా మాంసం. మూడు నెలలు చూసి, తగ్గకపోతే మాత్రలు మొదలుపెడదామన్నాడు. అంతటితో ఇంటికి వచ్చి వండుకుని తినవచ్చు. కానీ నేను ఫోన్లో వెతికి ఆ తిండికి ఒక పేరుందని కనిపెట్టాను.

"బాపూ, ఇగ నుంచి నువ్వు ఫ్లెక్సిటేరియన్" అన్నాను.

"ఫ్లెక్సీనా? నేనేం ఎలక్షన్ల నిలవడ్డనా బిడ్డా? సరే, కట్టిస్తే కట్టియ్యి గని, నా ఫోటో జర మంచిది పెట్టు."

ఓపిగ్గా వివరించాను. పీచున్న తిండి తింటే కడుపు నిండుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎక్కదు, గుండెకు తేలిక, ఒళ్లు తగ్గుతుంది, పైగా ఏదీ పూర్తిగా మానేయక్కర్లేదు కాబట్టి ఎన్నాళ్లయినా తినవచ్చు. బాపు మొత్తం ఉపన్యాసంలో "మానేయక్కర్లేదు" అన్న ఒక్క మాటే విన్నాడు. ఆదివారం మాత్రమే మాంసం అంటే, వచ్చే ఆదివారానిది ఈ బుధవారమే తినేస్తానన్నాడు. గుడ్డు ఏ లెక్కలోకి వస్తుందని పొద్దున అడిగాడు, కోడి పుట్టకముందే తింటున్నాం కదా అని సాయంత్రం వాదించాడు. ఇక అమ్మ. బాపు కోసం వండిన తోటకూర కొంచెం నోట్లో వేసుకుంటే ఏదో కరకరలాడింది. చూస్తే ఎండు రొయ్యలు.

"అమ్మా, గిదేంది?"

"గవి మాంసమా ఏంది? ఎండి గడ్డిపోస లెక్క అయినయి. వాసనకేసిన" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

ఇలా పది రోజులు నా గొంతు పోయేదాకా అరిచాక, ఉన్నట్టుండి బాపు మారిపోయాడు. బేరాలు లేవు. ఆదివారం కూడా రెండు ముక్కలు వేసుకుని "చాలు బిడ్డా" అన్నాడు. నేను గర్వంతో ఉబ్బిపోయి, మా సొంతూళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ సలహాలిచ్చాను. మూడు నెలలు ఆగే ఓపిక లేక, నెలన్నరకే మళ్లీ రక్తపరీక్ష చేయించాం. డాక్టరు కాగితం చూసి, తెర పక్కకు జరిపి, బాపును ఎగాదిగా చూశాడు. షుగర్ తగ్గలేదు, పెరిగింది. కొవ్వు కూడా పెరిగింది.

"ఏం తిన్నవ్ బాపూ?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"నీ మీదొట్టు, ఐతారం తప్ప నడుమ కోడి ఈక గూడ ముట్టలే. నువ్వు చెప్పినట్టే, మొత్తం శాకాహారం."

అది నిజమే. ఆ మాత్రం నిజం చాలు మనిషికి పిచ్చెక్కడానికి. కూపీ లాగితే తేలిందేమిటంటే, మా ఎదురింటి గుజరాతీ ముసలావిడ (మేమంతా 'బా' అని పిలిచేవాళ్లం), బాపు మాంసం తగ్గించాడని విని మురిసిపోయి, పొద్దున ఫాఫ్డా జలేబీ, సాయంత్రం వేడి వేడి భజియా బజ్జీలు, పండగొస్తే నెయ్యి కారే ఘారీ మిఠాయి పంపిస్తోందట. నేను ఫోన్లో ఆర్డర్లు రాసుకుంటుంటే, బాపు గడప మీద కూర్చుని గిన్నెలు ఖాళీ చేస్తున్నాడట.

"గది శెనగపిండి బిడ్డా. శెనగలంటే పప్పే గద? నువ్వే పప్పులు తినుమన్నవ్" అన్నాడు బాపు, పాపం అమాయకంగానే. నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. నిజానికి తప్పు నాదే. ఏం తగ్గించాలో రోజుకు నాలుగుసార్లు చెప్పాను గానీ, ఆ ఖాళీలో ఏం తినాలో ఒక్కసారీ కూర్చోబెట్టి చెప్పలేదు.

అయినా ఆవేశం ఆపుకోలేక డాక్టరు ముందే బాపును కడిగేస్తూ లేచి నిలబడ్డాను. గది గిర్రున తిరిగింది. కళ్లు తెరిచేసరికి బల్ల మీద ఉన్నాను. డాక్టరు నా కనురెప్ప కిందకి లాగి చూసి, "తూ క్యా ఖాతీ హై?" అని అడిగాడు. నేనేం తింటున్నానో చెప్పక తప్పలేదు. అందరికీ ఆదర్శంగా ఉండాలని నేను మాంసం పూర్తిగా వదిలేశాను. సరే, దాని బదులు పప్పులూ ఆకుకూరలూ తిన్నానా అంటే, అదీ లేదు. బాపును కాపలా కాసే హడావిడిలో చాయ్, ఖారీ బిస్కెట్లతో రోజులు వెళ్లదీశాను. పరీక్ష చేస్తే, ఉండాల్సినంత రక్తం నా ఒంట్లో లేదు.

బాపు మొదట పకపకా నవ్వాడు. "అరె, డాక్టరమ్మకే బీమారొచ్చె!" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడేమో, నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం, నాకు రక్తం పడుతుందని, బాపు స్వయంగా పావుకిలో మేక కార్జం (కాలేయం) తెచ్చి, అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా, మిరియాలు దంచి వేసి వేయించాడు. నా పళ్లెంలో మొత్తం పెట్టాడు. తన పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు పాలకూర పప్పు. కార్జం అంటే ప్రాణం పెట్టే మనిషి, దాని వాసన పీలుస్తూ పప్పులో రొట్టె ముంచుకున్నాడు.

"నువ్వు తిను. నీకు గిది కావాలె, నాకు గది కావాలె. ఇద్దరం ఒక్క తాననే కూసోని తిందాం. ఒకలనొకలు చూసుకుందాం" అన్నాడు.

ఆ రోజు నుంచి అరుపులు లేవు. బా దగ్గరికి నేనే వెళ్లి బతిమాలితే, భజియాలు మానేసి ఉడికించిన పెసర మొలకలు పంపింది. (బాపు వాటిని చూసిన చూపు నేను మరచిపోలేను.) ఇంకో మూడు నెలలకు డాక్టరు మాత్రలు అక్కర్లేదని, పనిలోకి వెళ్లొచ్చని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని బాపు మాస్కు కూడా మరిచిపోయి కార్ఖానాకు పరుగెత్తాడు. ఆ సాయంత్రం తిరిగొచ్చి, మామూలు మాట కూడా వీధంతా వినపడేలా అరిచి చెబుతుంటే, మా అమ్మ చెవులు మూసుకుని నవ్వింది.

ఇన్నేళ్ల తర్వాత, ఫోను చేత్తో పట్టుకుని అందరి పళ్లేలూ తనిఖీ చేస్తూ తిరిగిన ఆ పిల్లను తలుచుకుంటే చిరాకు, జాలి ఒకేసారి కలుగుతాయి. ఎప్పుడైనా ఎదురైతే ఆమెతో వాదన పెట్టుకోను. చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి, "ముందు నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడుగుతాను.