'తప్పయింది' అన్నందుకు

2022 ఎండాకాలం. పత్తికొండ కోర్టు ఎదుట నా ఆఫీసులో ఫ్యాను కూడా వేడిగాలే కొడుతోంది. నాగలక్ష్మి వచ్చి కుర్చీలో కూలబడింది. ఆమె వెనకే ఇంకొకామె, నుదుటి మీద పాత మచ్చ.

"అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం చేతికొచ్చి నిలబడిపాయ సారూ. పోలీసోళ్ళు నా మీద కేసుండాదని రాసిచ్చినారంట," అంది నాగలక్ష్మి. భర్త నడుం దెబ్బతిని మంచాన ఉన్నాడు. ఆ ఉద్యోగమే వాళ్ళకు దిక్కు.

కేసు నిజమే. కొన్నేళ్ళ కిందట నీళ్ళ ట్యాంకరు దగ్గర వంతు కోసం కొట్లాడి, బిందెతో ఒకామె నుదురు పగలగొట్టింది. కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టేసింది. దాన్ని మేము వకీళ్ళం కన్విక్షన్ అంటాం, అంటే నేరస్తురాలని కోర్టు తేల్చినట్టు. జరిమానా చిన్నదే కానీ ఆ పేరు మాత్రం వదలదు.

నాకు ఒళ్ళు మండింది. "ఒక వకీలునైనా అడక్కుండా ఎందుకు ఒప్పుకున్నావమ్మా?"

"ఊర్లో పంచాయితీలో తప్పయిందంటే ఆడికి అయిపోతాది కదా సారూ. ఈడా అంతే అనుకుంటి."

"దెబ్బ తిన్నామె యాడుండాది ఇప్పుడు?" అనడిగాను.

"నేనే సారూ, ఉసేనమ్మను," అంది వెనకున్నామె. "అప్పటికే మేము కలిసిపోయింటిమి. కోర్టుకు గూడా ఒకే ఆటోలో వస్తిమి. నన్నెవరూ పిలవల్యా, బయటే కూచోనుంటి."

తల పట్టుకున్నాను. ఇలాంటి చిన్న కేసుల్లో దెబ్బ తిన్నవాళ్ళు రాజీకి ఒప్పుకుంటే కేసు పోతుంది. దాన్ని కాంపౌండింగ్ అంటారు. ఆ రోజు ఉసేనమ్మ లోపలికొచ్చి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది.

నేరం ఒప్పుకున్నాక అప్పీలుండదు కాబట్టి, కింది కోర్టు తీర్పును మళ్ళీ చూడమని కర్నూలు జిల్లా కోర్టులో రివిజన్ వేశాను. ఇన్నేళ్ళ ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషనూ వేశాను. కోర్టు మన్నించకపోతే ఉద్యోగం పోయినట్టే. అదృష్టం, మన్నించింది. తర్వాతి వాయిదాకు జడ్జిగారు ఉసేనమ్మను పిలిచి, ఇష్టపడే రాజీ అవుతున్నావా అని అడిగారు.

"మేము రాజీ అయి శానా యేండ్లాయ సారూ. మీకే ఇప్పుడు తెలిసింది."

జడ్జిగారు నవ్వాపుకుంటూ రాజీ ఒప్పుకుని, నేరస్తురాలన్న తీర్పునే రద్దు చేశారు. మెట్ల మీద నాగలక్ష్మి భోరుమంది.

"ఏడ్చింది చాల్లేమ్మే," అంది ఉసేనమ్మ. "నా తలకాయ పగిలినప్పుడు గూడా నువ్వింత ఏడవల్యా."

నాగలక్ష్మి ఆ నెలలోనే పనిలో చేరింది. ఇప్పుడు చిన్న కొట్లాట కేసుతో ఎవరొచ్చినా కాగితాలు తర్వాత చూస్తాను. ముందు ఒకటే అడుగుతాను: మీరూ వాళ్ళూ ఒకే ఆటోలో వచ్చినారా?