గంప దించే ఎత్తు

నా చిన్నప్పుడు మా తాతయ్య కట్టిన మండపాన్ని చూడడానికి మద్రాసు నుంచి కూడా జనం వచ్చేవారు. ఈ మాట ఇప్పటికి కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. నిజానికి మద్రాసు నుంచి వచ్చింది ఒక్కడే. అతను కూడా బస్సు తప్పిపోయి దోవ అడగడానికి వచ్చాడు. మండపం వైపు చూశాడో లేదో నాకు గుర్తు లేదు. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. ఏ సగం తీసేయాలో నేనే మధ్యమధ్యలో చెబుతూ ఉంటాను.

మా ఊరు నగరికి దగ్గర. ఊరికీ బస్సులు తిరిగే రోడ్డుకీ మధ్య రెండు మైళ్ళ మట్టిదోవ ఉండేది. సగం దూరంలో, కొండ మీది గాలి సూటిగా తగిలే చోటు చూసుకుని మా తాతయ్య ఆ మండపం కట్టాడు. నాలుగు రాతి స్తంభాలు, పైన కప్పు, చుట్టూ మోకాలెత్తు అరుగు. అరుగు మీద ఎర్ర సిమెంటును అద్దంలాగా తీశాడు. తిరుమల గోపురమంత ఉండేదని మా మనవళ్ళకు చెప్పాను గానీ, పన్నెండడుగుల పొడవూ పదడుగుల వెడల్పూ, అంతే. అయినా మధ్యాహ్నం పూట అందులో కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఈ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

తాతయ్య మేస్త్రి. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇళ్ళు కట్టినవాడు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. తూకం దారం వేలాడదీస్తే అది గోడకు ఆనుకుందో లేదో వేలితో తడిమి తెలుసుకునేవాడు. ఇదే తన చివరి కట్టడమని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. కట్టించింది మామిడితోటల పెద్దాయన. లేనిరోజుల్లో ఆయన తల్లి ఆ దోవనే కూరగాయల గంప మోసుకుపోయి అమ్ముకుని పిల్లల్ని పెంచిందట. ఆ దోవన నడిచేవాళ్ళు కాసేపు కూర్చోవాలని ఆమె పేరు మీద కట్టించాడు.

అయితే అందులో ఎవరూ కూర్చోలేదు.

రోజూ తెల్లవారగానే ఆడవాళ్ళు వంకాయలు, టమోటాలు, పూలు గంపలకెత్తుకుని బస్సుకు పోయేవారు. గడ్డిమోపుల వాళ్ళు, చీరల మూటలు మోసే నేతగాళ్ళు ఉండేవారు. అందరూ మండపం ముందునుంచే నడిచి వెళ్ళిపోయేవారు. ఇంకో యాభై గజాల దూరంలో ఎవరిదో పాత పశువులకొట్టం కూలిపోగా మిగిలిన మొండిగోడ ఒకటి ఉండేది. పైన కప్పు లేదు, పక్కన చెట్టు లేదు, ఎదురుగా ఎండ. వాళ్ళంతా అక్కడ ఆగేవారు. గంపలన్నీ ఆ గోడ మీద వరసగా పెట్టి, కొంగులతో ముఖాలు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ ఎండలో నిలబడేవారు. ఆ నవ్వులు ఇవతల మండపంలో ఒక్కడే కూర్చున్న తాతయ్యకు వినిపించేవి.

"రాండమ్మా, కూర్చోని పోండి. సల్లగా ఉండాది" అని ఆయన పిలిచేవాడు.

"వచ్చేటప్పుడు కూర్చుంటాం తాతా" అనేవారు వాళ్ళు. వచ్చేటప్పుడు గంపలు ఖాళీ, ఇంటి దగ్గర పిల్లలు. ఎవరు ఆగుతారు?

రెండు నెలలు చూసి మామిడితోటల పెద్దాయన వచ్చాడు. మంచివాడే గానీ, మనసు నొచ్చుకుని ఉన్నాడు. "ఏమప్పా మేస్త్రీ, మా అమ్మ పేరు మీద కడితే కుక్క గూడా పండుకోలేదే! వచ్చే అమావాస్య దాకా సూస్తా. అప్పటికీ ఎవురూ రాకుంటే సుట్టూ గోడలు లేపి తలుపు పెట్టేసెయ్. ఎరువు మూటలన్నా పెట్టుకుంటా."

తాతయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. తన చివరి కట్టడానికి తన చేత్తోనే గోడలు కట్టి మూసేయాలి. అమావాస్యకు పన్నెండు రోజులుంది.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. నాకు పదేళ్ళు. తాతయ్య పరువు కాపాడాలనే చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. ఆ ఉద్దేశం కొంత ఉండింది. మిగతాదంతా నోటిదూల. మధ్యాహ్నం పూట మండపంలో ఒక ముసలమ్మ గొంతు "దప్పికా నాయనా?" అని అడుగుతోందని బడిలో చెప్పాను. మర్నాటికి ఆ ముసలమ్మ పెద్దాయన తల్లి అయిపోయింది. ఆ మర్నాటికి ఎవరికో జ్వరం కూడా తగ్గిపోయింది. ఆ జ్వరం మాత్రం నేను పుట్టించింది కాదు.

జనం వచ్చారు. వెయ్యి మంది అని చెబుతుంటాను. అరవైమంది ఉంటారు. స్తంభాలకు పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, కర్పూరం వెలిగించారు. ఒకామె పిల్లలు కలగాలని గుడ్డతో ఉయ్యాల కట్టింది. అందరూ చెప్పులు దోవలోనే విడిచి దూరంగా నిలబడి దండం పెట్టుకున్నారు. అంతమందిలో ఒక్కరూ అరుగు మీద కూర్చోలేదు. దేవతమ్మ ఉన్న చోట ఎవరు కూర్చుంటారు?

అక్కడితో ఆపి ఉంటే దొరికేవాణ్ణి కాదు. ముసలమ్మకు మురుకులంటే ఇష్టమట అని ఇంకో మాట కలిపాను. మండపం వెనక కూర్చుని, జనం పెట్టిపోయిన మురుకులు తింటుండగా తాతయ్య వచ్చాడు. ఆయనకు నేను సరిగా కనపడలేదు గానీ, కరకరమనే చప్పుడు వినిపించింది.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. "నేను కట్టింది కూర్చునేదానికి రా, మొక్కేదానికి కాదు" అన్నాడు. ఆ మాట కంటే నాలుగు దెబ్బలు నయం.

సాయంత్రానికి నా చేతనే ఊరందరికీ నిజం చెప్పించాడు. ఉయ్యాల కట్టినామె మాత్రం నమ్మలేదు. జనం వచ్చిన రెండు రోజులూ దోవ నిండా అడ్డం పడి, మా పక్కింటి అక్కకు బస్సు తప్పిపోయిందట. ఆమె వంకాయలన్నీ వాడిపోయాయి. అందుకని వారం రోజులు ఆమె గంప ఒకటి నేను మోయాలని తాతయ్య తీర్పు చెప్పాడు.

పక్కింటి అక్క ఇరవై ఐదేళ్ళ మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. మర్నాడు పొద్దున ఒక చిన్న గంపలో వంకాయలు పోసి, తలగుడ్డ చుట్టి నా నెత్తి మీద పెట్టింది. తాను పెద్ద గంప ఎత్తుకుని వెనక నడిచింది. ఆ గంప అరబస్తా బరువని చెప్పేవాణ్ణి. ఎనిమిది కిలోలుంటుందేమో. అయినా మైలు నడిచేసరికి మెడ మీద ఎవరో కూర్చుని తొక్కుతున్నట్టుంది. ఎదురుగా మండపం కనపడగానే ప్రాణం లేచి వచ్చింది. తాతయ్య ముందే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శిక్ష వేసింది ఆయనే అయినా, మనవడికి కాస్త నీడ ఇద్దామని వచ్చినట్టున్నాడు.

"రారా నాయనా, కూర్చో" అన్నాడు.

అరుగు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. కూర్చోవడమెట్లా? వంగితే గంప జారుతుంది. వంగకపోతే అరుగు అందదు. దించమని అడుగుదామంటే తాతయ్యకు దూరం తెలియదు, గంప ఆయన చేతుల్లోంచి నేల మీదికి పోతుంది. వెనక అక్క రెండు చేతులూ తన గంప మీదే ఉన్నాయి. ఒక్క నిమిషం అక్కడే గుండ్రంగా తిరిగి, ఇక ఓర్చుకోలేక పరుగులాంటి నడకతో ముందుకు పోయాను. మొండిగోడ దగ్గరికి రాగానే దాని ముందు నిలబడి తల కొంచెం వంచాను. గంప తనంతట తానే గోడ మీదికి జరిగింది. మెడ తేలికైపోయింది. అక్క కూడా వచ్చి తన గంపను పక్కన జరిపింది.

తాతయ్య తడుముకుంటూ వెనకాలే వచ్చాడు. "నువ్వు గూడా నా మండపం కాదని ఈ గోడకాడికే వస్తివా?" అన్నాడు. ఆయన గొంతు అట్లా వినడం అదే మొదటిసారి.

ఇక్కడ నేను చెప్పుకునే కథ ఒకటుంది. అప్పుడు నేను తలెత్తి, "తాతా, నీ అరుగు మోకాలెత్తు, మా బరువు తలెత్తు" అన్నానని, దాంతో ఆయనకు కళ్ళు తెరుచుకున్నాయని పెళ్ళిళ్ళల్లో, బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో కూడా చెప్పాను. అంత చక్కటి మాట పదేళ్ళవాడికి ఎక్కడినుంచి వస్తుంది? అది నాకు నలభై ఏళ్ళ వయసులో తోచింది. ఆ రోజు నేనన్నది "మెడ నొప్పి" అని మాత్రమే. అని ఏడ్చాను.

తాతయ్య నా ఏడుపు పట్టించుకోలేదు. గోడకు దగ్గరగా వచ్చి, తల వంచి, నా గంపను తన నెత్తి మీదికి జరుపుకున్నాడు. వెనక్కి నడిచి మండపం ముందుకు పోయి నిలబడ్డాడు. ఒక మోకాలు వంచాడు. రెండు వంకాయలు కిందపడ్డాయి. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. కొంచెం పక్కకు తిరిగి చూశాడు. నెత్తిన గంపతో, తాను అద్దంలాగా తీసిన అరుగు ముందు, ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు.

ఇవతలనుంచి అక్క అరిచింది. "ఏం తాతా, కూర్చోకుండా అట్ల నిలబడుకోనుండావే? నీడ సల్లగా లేదా?"

"దించేవాళ్ళు యాడుండారే తల్లీ?"

"మాకు మాత్రం యాడుండారు?"

ఆయన మళ్ళీ గోడ దగ్గరికి వచ్చి గంప దించాడు. తర్వాత గోడ పై అంచును చేత్తో తడిమాడు. ఏళ్ళ తరబడి గంపలు రాసుకుని ఆ అంచు నున్నగా తేలిపోయి ఉంది. తన ఎర్ర సిమెంటు కంటే నున్నగా ఉందని ఆయనే తర్వాత అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పకూడదా?" అని అడిగాడు అక్కను.

"కూర్చోండి కూర్చోండి అంటివే గాని, ఎందుకు కూర్చోలేదని అడిగితివా? అడిగితే గదా చెప్పేది!"

నలభై ఏళ్ళు తాతయ్య పరంజా మీద నిలబడి చెయ్యి చాపితే చాలు, ఇటుకలూ సున్నమూ ఆడవాళ్ళు నెత్తిన మోసుకొచ్చి అందించేవారు. ఆయన గంపలోంచి తీసుకున్నాడు గానీ గంప ఎప్పుడూ మోయలేదు. పాత దోవల్లో బరువు దించుకునే బండలుండేవి. రెండు నిలువు రాళ్ళు, పైన అడ్డంగా ఒక బండ. మా వైపు అరవం మాట్లాడేవాళ్ళు సుమైతాంగి అంటారు. అవి చూస్తూనే పెరిగినా, తన మండపం కట్టేటప్పుడు ఆయనకు గుర్తు రాలేదు. కూర్చోవడం గురించే ఆలోచించాడు. కూర్చోవడానికి ముందు ఇంకో పని ఉందని తోచలేదు.

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని మామిడితోటకు పోయాడు. "తప్పు నాది సామీ. మనుషులకు కట్టినా, వాళ్ళ గంపలకు కట్టలా" అన్నాడు. పెద్దాయన అంతా విని తోటవైపు తిరిగాడు. "మా అమ్మకు నడినెత్తిన ఎంటికలుండేవి కాదు. ముసలితనం అనుకుంటి" అన్నాడు. గంపలు దించుకునే బండ తేవడానికి బండి పంపించాడు.

ఎత్తు కోసం తాతయ్య కొలబద్ద తీయలేదు. పక్కింటి అక్కను నిండు గంపతో మండపం ముందు నిలబెట్టి, నేలనుంచి ఆమె భుజం దాకా దారం పట్టాడు. దారం కింది కొస పట్టుకున్నది నేనే. ఈ కథలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. అమావాస్యకు రెండు రోజుల ముందు మండపం అరుగు పక్కన బండ లేచింది. మర్నాడు అక్క గంపను దాని మీదికి జరిపి, చేతులు విదిలించుకుని, అరుగు మీద కాళ్ళు చాపి కూర్చుంది. వెనక వచ్చిన వాళ్ళూ కూర్చున్నారు. నవ్వులు ఇప్పుడు మండపంలోనే వినిపించాయి. తాతయ్య వాళ్ళ మధ్య కూర్చోలేదు. కొంచెం దూరంగా దోవపక్కన నిలబడి వింటూ ఉన్నాడు. గోడలు కట్టమని పెద్దాయన మళ్ళీ అడగలేదు. మొండిగోడ ఆ ఏటి వానలకు కూలిపోయింది. ఎవరూ గమనించలేదు.

ఇప్పుడా దోవ తారురోడ్డయింది. గంపలు ఆటోల్లో పోతున్నాయి. నేను తిరుపతిలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. కట్టేటప్పుడు గేటు పక్కన భుజమెత్తులో ఒక రాతి పలక పెట్టించాను. మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు. రోజుకు యాభైమంది దాని దగ్గర ఆగుతారని బంధువులకు చెబుతుంటాను. ముగ్గురు ఆగుతారు. పార్సిళ్ళ కుర్రాడు, నీళ్ళ క్యాను అతను, పూలమ్మే ఆవిడ.

పూలావిడ రోజూ గంప దించేటప్పుడు మునివేళ్ళ మీద లేవడం రెండేళ్ళుగా చూస్తున్నాను. ఆమె అలవాటేమో అనుకున్నాను. మొన్న ఆమెను కూర్చోబెట్టి ఈ మండపం కథ చెప్పాను, మద్రాసు జనంతో సహా. అంతా విని నవ్వి, "మరి ఈ రాయి ఎవురి భుజం కొలిసి పెట్టినావు సామీ? నాకు జానెడు ఎత్తెక్కువ" అంది.

నా భుజమే కొలిచి పెట్టాను.

మేస్త్రిని పిలిపించాను. రేపు వస్తానన్నాడు. పూలావిడను కూడా నిండు గంపతో కాసేపు నిలబడమని అడిగాను. ఈసారి దారం పై కొస మేస్త్రి పట్టుకుంటాడు. కింది కొస పట్టుకోవడం నాకు అలవాటే.