ప్రెసిడెంటు గారి పంచె మీద కుర్చీ అచ్చు

మా మావయ్య చేతికందబోతున్న కొట్టును నేను ఒక్క పూటలో ఎలా ముంచబోయానో చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది పెడన. మా మేనమామ కలంకారీ అద్దకంలో తల నెరిసిన మనిషి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆరు నెలలు పని నేర్చుకుని అంతా వచ్చేసిందని మీసం తిప్పుతున్న రోజులు. బందరు కూరగాయల మార్కెట్లో గేటు పక్కన ఒక కొట్టు ఖాళీ అయింది. అక్కడ సొంతంగా కొట్టు పెట్టాలని మావయ్యకు ఎన్నో ఏళ్ల కోరిక.

"ఆదివారం మార్కెట్ పండగలో మీ అద్దకం జనానికి చూపించండి. నచ్చితే కొట్టు మీకే," అన్నారు మార్కెట్ కమిటీ ప్రెసిడెంటు వెంకటరత్నం గారు.

పండగంటే మామూలుగా కాదు. పిల్లలకి గోనెసంచుల పరుగు, ఆడవాళ్లకి ముగ్గులు, ఇంటిల్లిపాదికీ గుమ్మడికాయ బరువు చెప్పే పోటీ.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతాం. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లు దాని మీద అద్దితే కారునలుపు పుడుతుంది. అంటే, అద్దకం కాకముందు కరక్కాయ గుడ్డకు ఇనుము తగలకూడదు. పెడనలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. ఆ ఉదయం గుర్తు రాలేదంతే.

ముందురోజంతా ముసురు. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డలు ఆరక, తడిగానే మూటకట్టి బందరు తెచ్చాం. మావయ్య అద్దకం చెక్క అచ్చులు సర్దుకుంటూ, "ఒరేయ్ శీనూ, ఆ గుడ్డల్ని కాస్త ఎండలో ఆరెయ్యి," అన్నాడు. స్టేజి ముందు ఇనప మడత కుర్చీలు వరసగా ఉన్నాయి, పట్టీల నిండా తుప్పు. నాకు కనపడింది ఎండ ఒక్కటే. చకచకా పరిచేసి, నా తెలివికి నేనే మురిసిపోయి, టీకి వెళ్లాను.

వచ్చేసరికి వెంకటరత్నం గారు ఒక కుర్చీలో కూర్చుని ఉన్నారు. మల్లెపూవులాంటి పంచె.

"ఈ గుడ్డలెవరు వేశారయ్యా? చల్లగా భలే ఉంది!"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా అంటారా? అంత బుద్ధే ఉంటే మీకు చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు.

"మేమేనండీ. మీకోసం ప్రత్యేకంగా వేయించాడు మావయ్య."

"మర్యాద తెలిసిన మనుషులు!" అంటూ ఆయన ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

అరగంట తరవాత బహుమతి ఇవ్వడానికి స్టేజి ఎక్కారు. వెనక బల్ల మీదున్న గుమ్మడికాయ అందుకోవడానికి జనం వైపు వీపు తిప్పారు. పంచె మీద నల్లగా నాలుగు పట్టీలు! మా అచ్చులు కూడా అంత స్పష్టంగా పడవు.

జనం గొల్లుమన్నారు. నిమ్మకాయలమ్మే రమణమ్మ పిన్ని కేకేసింది. "అయ్యగారూ, కుర్చీ కూడా మీతోపాటే వచ్చేసిందండీ!"

మావయ్య పంచెను చూశాడు, కుర్చీని చూశాడు, నన్ను చూశాడు.

"ఇనుం మీద ఆరేశావా?"

"ఎండ అక్కడే ఉంది మావయ్యా..."

కొట్టు పోయిందనుకున్నాను. పాలిపోయిన మావయ్య మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం తిట్లు తరవాతికి దాచుకున్నాడు.

"రమణమ్మా, నిమ్మకాయలు కొయ్యి! మరక ఆరకముందే రసం పట్టించాలి."

ప్రెసిడెంటు గారిని మా స్టాలు వెనక్కి తీసుకెళ్లి, అమ్మకానికి తెచ్చిన కలంకారీ లుంగీ కట్టించి, పంచె నా చేతికిచ్చాడు. పిండాను, రుద్దాను, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. నలుపు బూడిదరంగయింది, ఆ బూడిదరంగూ మెల్లగా వదిలింది. అమ్మయ్య! ఆ పంచెను గుండెకు హత్తుకుని, "మర్యాదా లేదు, పాడూ లేదండీ. ఆరేశానంతే," అని అక్కడే ప్రెసిడెంటు గారి దగ్గర ఒప్పేసుకున్నాను.

ఆయన నోరు తెరిచేలోపు ఒకావిడ పిల్లలతో వచ్చింది. "ఆ లుంగీ ఎక్కడ కొన్నారండీ? మావారికి కావాలి." ఆవిడ వెనకే ఇంకో నలుగురు.

వెంకటరత్నం గారు లుంగీ అంచు సవరించుకున్నారు. "ఇక్కడేనమ్మా. ఇకమీదట గేటు పక్కన కొట్లో దొరుకుతాయి," అని నావైపు తిరిగి, "కుర్చీలు మాత్రం మేం వేసుకుంటాం," అన్నారు.

అందుకని కరక్కాయ పట్టుకుని సకల జనుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇనుము మీద గుడ్డ ఆరెయ్యను. అయినా మావయ్య నన్ను నమ్మలేదు. కొట్టు తెరిచిన రోజున నా కోసం చెక్కపీట చేయించాడు. దానికి ఒక్క ఇనప మేకు కూడా కొట్టనివ్వలేదు.