అత్త సంచిలోని రెండో పొట్లం

మా అత్త పోయింది. కోవిల్‌పట్టిలో శుక్రవారం పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ పక్కకి ఒరిగింది. మాటా, కుడిచెయ్యీ ఒక్కసారే పడిపోయాయి. విరుదునగర్ ఆసుపత్రి చేరేసరికి ఊపిరి కూడా లేదు. గుండెలో గడ్డకట్టిన నెత్తురు మెదడుకి ఎక్కిందన్నారు. మాకది కొత్త సంగతి కాదు.

అత్త అంటే నాన్న చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మల్లెపూలు కట్టి అమ్ముకుంటూ నన్నూ, మా పెదనాన్న కూతుర్నీ పెంచింది. ఇంట్లో కుదురుగా కూర్చోలేని నన్ను కాలేజీకి పంపమని పట్టుబట్టింది ఆమే. "నీ కాళ్ళకి చక్రాలుండాయి పాపా, తలకి కూడా ఒకటి తగిలించుకో" అనేది.

ఆమె గుండె లయ తప్పి కొట్టుకునేది. నెత్తురు పలచబరిచే మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తం కారేది. అందుకని మదురై డాక్టరు వేరే దారి చెప్పాడు. గుండె పైగదికి ఆనుకుని చిన్న సంచిలాంటిది ఉంటుందట, గడ్డలు ఎక్కువగా అక్కడే కడతాయట. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి దాని మూతి మూసేస్తే ముప్పు తగ్గుతుందన్నాడు. అత్త నడుముకున్న వక్కాకు సంచి తాడు బిగించి చూపిస్తూ, "ఇట్లనా సామీ?" అంది. డాక్టరు నవ్వి, తేదీ ఇచ్చాడు.

పెదనాన్నకి ఇష్టం లేదు. కూతురి ముహూర్తం దగ్గరపడింది. ఆసుపత్రిలో ఏదైనా అయితే మైలతో పెళ్లి ఆగుతుందని భయం. ఆ మాట పైకి అనకుండా, కులదేవతని అడుగుదామన్నాడు. ఎర్ర గన్నేరు ఒక పొట్లంలో, మల్లె ఒక పొట్లంలో కట్టి దేవత ముందు పెట్టి ఒకటి తీయించడం మాలో ఆనవాయితీ. మల్లె వస్తే చెయ్యాలి, గన్నేరు వస్తే మానుకోవాలి. పొట్లాలు పెదనాన్నే కట్టాడు. అత్త రెంటినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఒకటి ఆయన చేతికిచ్చింది. గన్నేరు. రెండోదాన్ని విప్పకుండా సంచిలో దోపుకుంది.

రెండోది ఎందుకు విప్పలేదని గుడి నుంచి తిరుగు బస్సులో అడిగాను.

"మల్లెకి వాసన లేకుండా పోతాదా పాపా?" అంది. మళ్లీ తనే, "కల్యాణం కానీ. ఆ పిల్లని పెంచింది నేనే కదా. ఆ మీదట మదురై పోదాం."

పెళ్లికి ముందే ఆమె పోయింది. పెళ్లీ ఆగింది. అక్కని చూస్తే జాలి, పెదనాన్నని చూస్తే తృప్తి. దాచుకోను.

అత్త ఊరుకుంది. నేను ఊరుకోలేదు. పదహారో రోజు కర్మ పందిట్లో చుట్టాలందరి ముందూ, చెల్లెలు దేవత మాట జవదాటని మనిషని పెదనాన్న పొగుడుతున్నాడు. నేనూ అప్పటిదాకా విప్పని ఆ పొట్లాన్ని అత్త సంచిలోంచి తెచ్చి ఆయన ముందు అరిటాకులో పెట్టాను.

"మీరు కట్టిందే పెదనాన్నా. మీరే విప్పండి."

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్ళో నేర్చింది తమిళం, ఆయనకి తెలుగు చదవడం రాదు. ఈ కథ అచ్చయ్యాక ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తాను.

దారం ఊడింది. ఎండి ముడుచుకున్న ఎర్ర రేకుల్ని ఆయన వేలు ఒక్కొక్కటే పక్కకి నెడుతోంది, వాటి అడుగున ఒక్క మల్లె అయినా దొరక్కపోతుందా అన్నట్టు.