బంతి మీద దురాయి

కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున మా అత్తగారి పల్లె. అక్కడ కొన్నేళ్లపాటు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఇప్పుడా మాట చెబితే మా పల్లె కుర్రాళ్లే నవ్వుతున్నారు. నవ్వనీ. నేను అరవైల మొదట్లో ఆ ఊరికి కోడలిగా వెళ్లాను, మా ఆయన ఆ జట్టుకి గోలీ. పెళ్లిచూపులనాడు ఈ సంగతి ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పి ఉంటే చేసుకునేదాన్నే కాదని ఆయన్ని చాలాసార్లు ఏడిపించాను.

పెళ్లికి ముందు ఆయన మద్రాసు హార్బరులో కొన్నాళ్లు కూలిపని చేశాడు. తోటివాళ్లు తిరిగొస్తూ చీరలూ గిన్నెలూ తెచ్చుకుంటే, ఈ మహానుభావుడు తోలుబంతి తెచ్చాడు. "ఇది కూడు పెడతాదా రా?" అని మా అత్త నెత్తి కొట్టుకుందట. కూడు పెట్టలేదు గానీ పల్లె మగపిల్లలందరినీ పట్టుకుంది. పొద్దున వేట, సాయంత్రం ఆట. విరిగిన తెప్ప దుంగలు పాతి గోలు కట్టారు. ఎవరికీ బూట్లు లేవు. గోలుకి కట్టిన వల మాత్రం జిల్లాలో ఇంకెక్కడా ఉండదు, అంత గట్టిది. మరి కట్టింది ఎవరు, వల అల్లడమే బతుకైన వాళ్లు!

ఊరి పెద్దకాపుకి ఈ ఆట అంటే మంట. మా పల్లెల్లో పెద్దకాపు మాటే చట్టం. ఆయన అమ్మవారి ముందు నిలబడి, ఫలానా పని చేయకూడదని కట్టడి పెడితే దాన్ని దురాయి అంటారు. దురాయి దాటినవాడికి ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. మా ఆయన కాళ్లావేళ్లా పడితే పెద్దకాపు చివరికి ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నాడు.

"ఆడుకోండి. అయితే ఈ ఆట మూలాన ఒక్క వల తప్పిందా, ఆ పొద్దుతోనే బంతి మీద దురాయి."

ఆయన భయంలోనూ న్యాయం ఉంది. మాది పెద్దవల వేసే ఊరు. పెద్దకాపు ఇసుకదిబ్బ మీద కూర్చుని నీళ్ల రంగు చూస్తుంటాడు. చేపల మంద కనబడితే పైగుడ్డ తీసి ఊపుతాడు. గుడ్డ ఊగిందంటే తినేవాడు చెయ్యి కడుక్కోకుండా లేవాలి. పడవ వల చుట్టి వచ్చేసరికి ఊరంతా ఒడ్డున తాళ్లు పట్టుకుని లాగాలి. క్షణం ఆలస్యమైతే మంద పోతుంది. మా జట్టు మాట తప్పలేదు. ఆట ఎంత రంజుగా ఉన్నా సరే, గుడ్డ ఊగగానే బంతి ఎక్కడిదక్కడ వదిలి పరుగు. ఆడటానికి వచ్చిన పైఊరి జట్టువాళ్లు కాసేపు తెల్లమొహాలు వేసి, తర్వాత తామూ ఒక తాడు పట్టుకుని, పోతూ పోతూ కూరకి చేపలు తీసుకెళ్లేవాళ్లు.

ఈ అలవాటే ఒకసారి కొంప ముంచింది. కోట అనే ఊళ్లో మ్యాచికి పిలిచారు. కోట మా పుట్టింటివైపు, మా అన్నలంతా చూడటానికి వచ్చారు. కోసిన వరిచేలో ఆట. గీత దగ్గర నిలబడ్డ మనిషి ఏదో తప్పుకి జెండా ఎత్తి ఊపాడు. అంతే! మా వాళ్లందరూ, మా ఆయనతో సహా, "యాడరా మంద?" అంటూ తూర్పుకి పరుగు తీశారు. కోటవాళ్లు తీరిగ్గా గోలు వేసుకున్నారు. "మీ ఆయన చేలో చేపలు పట్టినాడు మే" అని మా అన్నలు ఏడాదిపాటు నన్ను వదలలేదు.

ఆ కోటవాళ్లే తర్వాత మా ఊరొచ్చారు. అదే ఆఖరి ఆట. చెరో గోలూ అయ్యాక, పొద్దువాలే వేళ, మా మీద పెనాల్టీ ఇచ్చాడు ఈల పట్టుకుని ఆడిస్తున్న బడిపంతులు. నేను గోలు పక్కనే కూర్చున్నాను. దిబ్బ మీదకి చూస్తే పెద్దకాపు లేచి నిలబడి ఉన్నాడు. వీపు సముద్రానికి పెట్టి, నోరు తెరుచుకుని, మా ఆయన్నే చూస్తున్నాడు. బంతంటే మంటగా ఉండే మనిషి! అప్పుడే ఒడ్డున చేపలు ఎండబెట్టే ముసలామె కేక పెట్టింది.

"అయ్యో, మంద పొయ్యిందిరో!"

పెద్దకాపు గిర్రున తిరిగి గుడ్డ ఊపాడు. రెండు జట్లూ, పంతులూ, జనమూ నీళ్లవైపు పరిగెత్తారు. పెనాల్టీ తన్నే కోట కుర్రాడు మాత్రం అప్పటికే బంతి మీదికి వస్తున్నాడు. తన్నాడు. మా ఆయన గాల్లోకి లేచి, రెండు చేతులా పట్టి, గుండెకి అదుముకుని ఇసుకలో పడ్డాడు. లేచి చుట్టూ చూశాడు. చప్పట్లు కొట్టడానికి మనిషి లేడు. నేను కొట్టాను. ఆయన బంతి నా ఒళ్లో పడేసి తాడు పట్టడానికి పరిగెత్తాడు.

వల ఖాళీగా వచ్చింది.

మర్నాడు పెద్దకాపు అమ్మవారి ముందు నిలబడ్డాడు. "కళ్లు నావి, తప్పు నాది. అయినా మాట మాటే" అని బంతి మీద దురాయి పెట్టాడు. మా ఆయన గోలు వల విప్పుకొచ్చి ఇంటి ముందు పడేశాడు.

ఆ సాయంత్రం పెద్దకాపు మా గడపలోకి వచ్చాడు. మంచినీళ్లిస్తే తాగలేదు. తల వంచుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అబ్బయా, నేను అటు తిరిగినాను గదా. ఆ బంతి... పట్టినావా?"

"లేదు మామా. గోలయిపొయ్యింది."

ముసలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. "పోనీలే. పొయ్యేదే పొయ్యింది" అని వెళ్లిపోయాడు.

ఆయన వీధి దాటగానే నేను విరుచుకుపడ్డాను. "ఎందుకయ్యా అబద్ధం? పట్టినావు గదా, నేను చూడలా?"

"పట్టినానంటే, మందా పాయె, అదీ చూడకపోతినే అని ఆయనకి ఈ జన్మలో నిద్ర పడతాదా?" అన్నాడు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. జట్టువాళ్లు అడిగినా అదే మాట చెప్పాడు. తన్ని గోలు వెయ్యలేకపోయినవాడు ఆ సంగతి కోటలో ఎందుకు చెప్పుకుంటాడు? ఊరంతా గోలయిందనే నమ్మింది.

పెద్దకాపు పోయి చాలా కాలమైంది. మా ఆయనా పోయాడు. ఇక ఎవరి నిద్రా చెడదు. పట్టాడు.