చప్పుడు తక్కువ మిషన్

మా ఆవిడ పోయాక ఆమె స్కూటీ ఇంటి షెడ్డులోనే ఉండిపోయింది. ఎవరూ నడపని బండి టైర్లలో గాలి ఎన్నాళ్లు నిలుస్తుంది? పంక్చర్ షాపుకు తోసుకెళ్తే ఉప్పల్ రోడ్డు పొడుగునా పరామర్శలే. ఆ జాలి మొహాలు చూడటం నావల్ల కాదు. చవకలో చిన్న కంప్రెషర్ ఒకటి కొనుక్కుందామని నాచారం వెళ్లాను.

షాపతను రెండు చూపించాడు. ఒకటి బెల్టుతో తిరిగేది, ఆయిల్ పోయాలి, మోత ఎక్కువ. రెండోదానికి ఆయిల్ అక్కర్లేదు.

“ఇది దీస్కో అన్నా, మస్తు సైలెంటు. పక్క రూముల పండుకున్నోళ్లు గూడ లేవరు,” అంటూ ఆన్ చేశాడు.

సన్నగా గుర్రుమంది. పదకొండు నెలలు మా ముందుగదిలో, ఆమె మంచం పక్కన, ఆక్సిజన్ మిషన్ అచ్చం ఇలాగే మోగింది. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాణ్ణి. కరెంటు పోయి అది ఆగితే మాత్రం ఒక్క ఉదుటున లేచి పక్కనున్న సిలిండర్ వాల్వు తిప్పేవాణ్ణి.

షాపులో మిషన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను అతన్ని తోసేసి స్విచ్చు మీద పడ్డాను.

“ఏందన్నా, గట్ల భయపడ్తున్నవ్? ఖరాబ్ కాలే. ట్యాంకు నిండింది, అదే ఆగుతది.”

మోత పెట్టేదే ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాను. వారం వారం టైర్లకు గాలి కొడుతున్నాను. కాలనీ అంతా వినబడుతుంది. విననీ.

నిన్న పక్కింటతను గోడ మీదుగా తల పెట్టి, “జర సప్పుడు తక్కువది దొర్కలేదా అన్నా?” అని అడిగాడు.

దొరికిందన్నాను.