పచ్చకామెర్ల సెలవు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరుసలో నిలబెడితే ఆ క్యూ వరంగల్లులో మా మట్టెవాడ దాటిపోతుంది. అందులో అందరికన్నా ముందు నిలబడేది పచ్చకామెర్ల సెలవు. వినండి, మొహమాటపడకుండా నవ్వండి.

అవి డెబ్భైల చివరి రోజులు. బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తూ, బ్యాంకు ఉద్యోగులు రాసే సర్టిఫికెట్ పరీక్షకు చదువుతున్నాను. చదువుతున్నాను అంటే, పుస్తకం కొన్నాను. బ్యాంకింగ్ చట్టం పేపరు అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే పాసైన పేపర్లు కూడా చెల్లవు, అన్నీ మొదటినుంచి రాయాలి. పరీక్షకు నెల ముందు మేనేజర్ గారిని పది రోజులు సెలవడిగాను.

"మిర్చి సీజన్ల సెలవా? మంచాన పడ్డోనికి తప్ప ఎవ్వలకియ్య" అన్నారాయన.

ఇంకేం, సమయం చూసి మంచాన పడ్డాను. జ్వరమంటే మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కడుపునొప్పికి అంత గౌరవం లేదు. బాగా ఆలోచించి, పచ్చకామెర్లని చీటీ రాసి పంపాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

రెండోరోజు సాయంత్రం మా క్యాషియర్ ఖాదర్ భాయ్ నా అద్దె గదికి వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, వెన్నలాంటి మనసు. పుస్తకాన్ని దిండు కిందికి తోసేశాను.

"ఏం జేస్తానవ్ తమ్మీ?" అంటూ నా కనురెప్ప లాగి చూశాడు. "అయ్యో, కండ్లు పసుపుముద్దలైనయి గదా!"

అబద్ధం చెప్పింది నేను, రంగు కనబడింది ఆయనకు. అద్దంలో చూసుకుంటే, ఏం చెప్పమంటారు, నాకూ కొంచెం పచ్చగానే అనిపించాయి.

"డాక్టర్ మందులిచ్చిండు భాయ్."

"గోలీలతోని పోయే బీమారి కాదిది. ఏటూరునాగారంల పసరు మందిచ్చే పెద్దమనిషున్నడు. ఫికర్ చెయ్యకు, నేను తెస్త."

తెచ్చాడు. ఉన్న ఒక్క ఆదివారమూ వదులుకుని, ఆ అడవిదారిన బస్సులో పోయి మరీ తెచ్చాడు. శుక్రవారం మొదలుకొని మూడు పొద్దులు పరగడుపున మింగాలట. ఉప్పూకారం లేని మజ్జిగన్నమే తినాలట. మొదటి గుక్కకే బ్యాంకింగ్ చట్టం మొత్తం మరచిపోయాను. ఇక రోజంతా చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగులే. పుస్తకం పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉంటే కదా!

మూడో పొద్దు ఆదివారం. పదింటికి పరీక్ష. ఏడింటికే ఖాదర్ భాయ్ ప్రత్యక్షమై, మందు మింగించి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇయ్యాల నిన్ను ఒంటిగ ఇడిసిపెట్టద్దన్నడు తమ్మీ, ఆ మందిచ్చిన పెద్దమనిషి."

తొమ్మిదైంది. ఆయన కుర్చీ వదల్లేదు. "భాయ్, రక్తపరీక్షకు దవాఖానకు పోవాలె. మేనేజర్ సార్ చూడనీకి వస్తనన్నడు, మీరు జర ఈడనే ఉండుండ్రి" అని ఇంకో అబద్ధం ఆడాను.

ఆయన గడియారం చూసుకున్నాడు.

"ఏమన్న పనున్నదా భాయ్?"

"ఏం లేదు. నువ్వు పోయిరా."

రిక్షా కూడా ఆయనే పిలిచాడు. "మెల్లగ తొక్కు, బీమారున్నోడు" అని రిక్షావాడికి అప్పజెప్పాడు. సందు తిరగగానే "కాలేజీకి, జల్దీ!" అన్నాను.

హాల్లో నా పక్క బల్ల ఖాళీగా ఉంది. దానిమీద అంటించిన చీటీలో మా బ్రాంచి పేరు. దానిపైన: ఎం.ఎ. ఖాదర్.

ఆయనా పరీక్ష కట్టాడు! ఎవరికీ చెప్పలేదు. నేనేమో ఆయన్ని నా గుమ్మానికి కాపలా పెట్టి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. పోనీ నేనైనా రాద్దామంటే మూడో మోతాదు ఊరుకుందా? మూడు గంటల్లో ఆరుసార్లు బయటికి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఖాదర్ భాయ్ అదే కుర్చీలో ఉన్నాడు. "రక్తం ఎట్లున్నదట తమ్మీ?"

"నాకే రోగం లేదు భాయ్. పరీక్ష రాసొచ్చిన. మీరూ కట్టిండ్రని తెల్వది." చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

ఆయన లేచి, కుర్చీ తీసి లోపల పెట్టాడు.

"ఎట్ల రాసినవ్?"

"సగం టైమంత బయటనే ఉన్న. కడుపు..."

ఆయన ముఖం విప్పారింది. "అయితె మందు అస్లీదే!"

అనుకున్నట్టే తప్పాను. అన్ని పేపర్లూ మొదటినుంచి రాశాను, ఆయన పక్క బల్లమీదే. ఆయన మొదటిసారికే పాసయ్యాడు, నాకు మరో మూడు ప్రయత్నాలు పట్టాయి.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట జబ్బని అబద్ధమాడాల్సి వస్తే, జాలిలేని మనుషులు పనిచేసే ఆఫీసు చూసుకునే ఆడాలని. రిటైరయ్యేదాకా అలాంటిది ఒక్కటీ దొరకలేదు.